వ్యాట్ ఎస్సేలో మన ఊరి పత్తి: బిజినెస్ స్కూల్ రాతపరీక్షకు ఎట్ల ప్రిపేర్ కావాలె?

జైనూర్ నుంచి మాట్లాడుతున్నా. రేకుల ఇల్లు, బయట వాన పడుతోంది. చప్పుడు వినపడితే కొంచెం సర్దుకోండి.

పోయిన ఎపిసోడ్‌లో ఐసెట్‌కు, క్యాట్‌కు తేడా ఏంటో మాట్లాడుకున్నాం. అది చూసి ఉట్నూర్ నుంచి ఒక చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, మార్కులు ఎట్లనో తెచ్చుకుంట. కానీ తర్వాత ఇంగ్లిష్‌లో ఎస్సే రాయమంటరట కదా. నేను పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలల తెలుగు మీడియం చదివిన. అరగంటల ఏం రాయాలె? నా దగ్గర రాసేంత ఏముంది?" అని అడిగింది. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ చెల్లె కోసమే. అదే భయం ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు అందరి కోసం కూడా.

ముందు నా కథ చెప్తా. ఇది గొప్పలు చెప్పుకునే కథ కాదు, ఫెయిలైన కథ.

నేను మొదటిసారి క్యాట్ రాసినప్పుడు ఎస్టీ కేటగిరీలో ఒక కాలేజీ నుంచి కాల్ వచ్చింది. ఇంట్లో అందరూ మస్తు సంబురపడ్డరు. ఎస్సే కోసం నేను చేసిన ప్రిపరేషన్ ఏందంటే, ఎవరో ఫార్వర్డ్ చేసిన ఒక పీడీఎఫ్. అందులో పెద్దోళ్ల కొటేషన్లు, ప్రతి టాపిక్‌కు రెడీగా ఉన్న మొదటి పేరా, చివరి పేరా ఉన్నాయి. నెల రోజులు దాన్ని బట్టీ కొట్టిన.

పరీక్ష రోజు టాపిక్ వచ్చింది. రైతుకు మద్దతు ధరను చట్టం చేసి గ్యారంటీ ఇవ్వాలా, వద్దా? నాకు లోపల లోపల సంతోషం. ఈ టాపిక్ పీడీఎఫ్‌లో ఉంది కదా! ఇక మొదలుపెట్టిన. భారతదేశం వ్యవసాయ దేశం, రైతే దేశానికి వెన్నెముక, గ్రామాల గురించి గాంధీజీ ఏమన్నారంటే, అట్ల సాగింది. చివరికి ప్రభుత్వం, ప్రజలు, స్వచ్ఛంద సంస్థలు అందరూ కలిసి పనిచేయాలి అని ముగించిన. రెండు పేజీలు నింపిన. పెన్ను పక్కన పెట్టి, అయిపోయింది, సీటు వచ్చినట్టే అనుకున్నా.

తర్వాత ఇంటర్వ్యూ. ముగ్గురు కూర్చున్నరు. ఒక సార్ చేతిలో నా ఎస్సే ఉంది. నా ఫారం చూసి, "మీ నాన్నగారు వ్యవసాయం అని రాసినవ్. ఏం పంట?" అని అడిగిండు. పత్తి అని చెప్పిన. "పోయినేడు ఎంతకు అమ్మిన్రు?" చెప్పిన. "మద్దతు ధర ఎంత ఉండె?" అదీ చెప్పిన. "మరి ఆ తేడా ఎందుకొచ్చింది?"

అప్పుడు నాకు తెలియకుండానే ఐదు నిమిషాలు మాట్లాడిన. పొద్దున మంచు పడితే పత్తిల తేమ ఎట్ల పెరుగుతది, మిషిన్ పెట్టి చూసి ఎట్ల వద్దంటరు, ఆరబెట్టడానికి మా వాకిలి ఎందుకు సరిపోదు, విత్తనాలకు అప్పిచ్చిన సేట్‌కే బాపు చివరికి ఎందుకు అమ్మిండు, అన్నీ చెప్పిన. వచ్చీ రాని ఇంగ్లిష్‌లోనే. ఆ సార్ మధ్యలో ఆపకుండా మొత్తం విన్నడు. విని, నా పేపర్ అటూ ఇటూ తిప్పి, "ఇదంతా ఇందులో ఎందుకు లేదు?" అన్నడు.

నా దగ్గర జవాబు లేదు.

ఆ ఏడు సీటు రాలేదు. ఎస్సే ఒక్కటే కారణమని నేను చెప్పను. ఎందుకు రాలేదో ఎవరూ మనకు విడమర్చి చెప్పరు, క్యాట్ స్కోరు కూడా అంత గొప్పగా లేకుండె. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నాకు బాగా తెలిసిన విషయం మీదే టాపిక్ వస్తే, నేను ఎవరో రాసిన వాక్యాలు రాసి వచ్చిన. ఎందుకంటే మా ఇంటి సంగతి ఎస్సేలో రాసే అంత పెద్ద విషయమని నాకు అనిపించనే లేదు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఎస్సే ప్రిపరేషన్ అంటే మనకు ఆల్రెడీ తెలిసినదాన్ని ఒక వాదనగా మార్చడం నేర్చుకోవడం.

సరే, ఇప్పుడు అసలు ఈ ఎస్సే ఎక్కడ వస్తుందో క్లియర్ చేసుకుందాం. చాలామందికి ఇక్కడే గందరగోళం.

మన ఐసెట్‌లో ఎస్సే లేదు. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, అన్నీ ఆప్షన్లే. ఐసెట్ మాత్రమే రాసేవాళ్లకు ఈ టెన్షన్ అక్కర్లేదు. క్యాట్ పరీక్షలో కూడా ఎస్సే లేదు. ఇంగ్లిష్, డేటా లాజిక్, లెక్కలు, ఒక్కోదానికి 40 నిమిషాలు, అంతే. ఎస్సే వచ్చేది ఆ తర్వాత. క్యాట్ నవంబర్ చివర్లో ఉంటుంది. రిజల్ట్ వచ్చాక కాలేజీలు కొంతమందిని షార్ట్‌లిస్ట్ చేసి పిలుస్తాయి. అక్కడ ఇంటర్వ్యూతో పాటు పెట్టేదే వ్యాట్, అంటే రిటెన్ ఎబిలిటీ టెస్ట్. పాతకాలంలో అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి గ్రూప్ డిస్కషన్ పెట్టేవాళ్లు. 2012 ప్రాంతం నుంచి ఐఐఎంలు దాని బదులు ఈ రాత పెట్టడం మొదలుపెట్టాయి. మనలాంటి వాళ్లకు ఇది ఒకరకంగా మేలే. గట్టిగా అరిచేవాడిదే మాట అనే బాధ లేదు. కాగితం ముందు అందరికీ ఒకే టైం.

సాధారణంగా 15 నుంచి 30 నిమిషాలు ఇస్తారు. 250 నుంచి 300 పదాలు రాస్తే చాలు. కొన్నిచోట్ల చేతితో, కొన్నిచోట్ల కంప్యూటర్ మీద. అహ్మదాబాద్ ఐఐఎంలో దీన్ని ఏడబ్ల్యూటీ అంటారు, అనలిటికల్ రైటింగ్ టెస్ట్. అక్కడ ఒక చిన్న వాదన ఇచ్చి, అందులో తప్పొప్పులు విప్పి చూపమంటారు. కొన్ని కాలేజీలు వ్యాట్ లేకుండా ఇంటర్వ్యూ ఒక్కటే పెడతాయి. అందుకే కాల్ లెటర్, ఆ కాలేజీ అడ్మిషన్ పాలసీ రెండూ మొత్తం చదవండి. దానికి ఎంత వెయిటేజ్ ఉందో కూడా అందులోనే రాసి ఉంటుంది.

హైదరాబాద్‌లో 2001లో మొదలైన ఐఎస్‌బీ లాంటి చోట్ల పద్ధతి వేరు. అక్కడ జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ లాంటి స్కోరుతో పాటు, అప్లికేషన్‌లోనే ఎస్సేలు రాసి పంపాలి. అవి ఇంట్లో కూర్చుని టైం తీసుకుని రాసేవి. జీమ్యాట్‌లో ఇదివరకు అరగంట ఎస్సే ఉండేది, కొత్త జీమ్యాట్‌లో తీసేశారు. జీఆర్‌ఈలో మాత్రం ఒక ఎస్సే ఇంకా ఉంది, దానికీ 30 నిమిషాలే. ఏ పరీక్షకు పోయినా, అడిగేది దాదాపు ఒకటే. ఒక విషయం మీద నీ అభిప్రాయం చెప్పు, ఎందుకో చూపించు.

ఇప్పుడు దిద్దే మనిషి వైపు నుంచి ఆలోచిద్దాం. ఒక టేబుల్ మీద బొత్తి పేపర్లు ఉన్నాయి, అన్నీ ఒకే టాపిక్. మొదటి పేపర్ తెరిస్తే "భారతదేశం వ్యవసాయ దేశం". రెండోదీ అదే. ఐదోదీ అదే. పదో పేపర్ కాడికి వచ్చేసరికి ఆయనకు నిద్ర వస్తది. అప్పుడు ఒక పేపర్‌లో, "పత్తిలో తేమ 12 శాతం దాటితే ఎంత మద్దతు ధర ప్రకటించినా రైతుకు అక్కరకు రాదు" అని ఉందనుకోండి. ఆయన ఆగుతడు. ఈ పిల్లకు ఏదో తెలుసు అనుకుంటడు. మనకు కావాల్సింది ఆ ఆగడమే.

మరి పద్ధతి ఏంటి? 30 నిమిషాలు ఇచ్చారనుకోండి. నేను ఇట్ల పంచుకుంటా: 6 నిమిషాలు ఆలోచన, 19 నిమిషాలు రాత, 5 నిమిషాలు మళ్లీ చదవడం. పక్కోళ్లు టకటకా రాస్తుంటే ఆరు నిమిషాలు ఖాళీగా కూర్చోవడం చానా కష్టం, చేతులు వణుకుతయ్. అయినా కూర్చోండి. ఆ ఆరు నిమిషాల్లో రఫ్ కాగితం మీద ఐదు లైన్లు రాసుకోవాలి.

ఒకటి, నా మాట ఏంటి? అవునా, కాదా, లేక ఏ షరతు మీద అవును? రెండు, దానికి ముఖ్యమైన కారణం. మూడు, నాకు తెలిసిన ఒక ఉదాహరణ, వీలైతే ఒక అంకెతో. నాలుగు, నా మాటను కాదనేవాడు ఏమంటాడు, అందులో ఎంత నిజం ఉంది? ఐదు, మరి ఏం చేస్తే బాగుంటుంది, ఎవరు చేయాలి?

ఇవి ఐదు లైన్లు. రాసేటప్పుడు నాలుగు చిన్న పేరాలు అవుతాయి.

నేను ఫెయిలైన టాపిక్‌నే తీసుకుని చూపిస్తా. తెలుగులో చెప్తా, మీరు ఇంగ్లిష్‌లో రాయండి. ఇదే మీకు హోంవర్క్.

మొదటి పేరా: మద్దతు ధరకు చట్టం ఉంటే మంచిదే, కానీ చట్టం ఒక్కటే ఆ ధరను రైతు చేతికి చేర్చదు. పంట కొనే ఏర్పాటు రైతుకు దగ్గరగా ఉంటేనే చట్టానికి విలువ.

రెండో పేరా: 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తికి క్వింటాల్‌కు 8,110 రూపాయలు, మధ్యరకం పింజకు 7,710 రూపాయలు మద్దతు ధరగా కేంద్రం ప్రకటించింది. కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి ధర ఇస్తుంది. అది పెరిగిన కొద్దీ కోత పెడుతుంది, 12 శాతం దాటితే కొనదు. ఆదిలాబాద్ కొండల్లో పత్తి ఏరే రోజుల్లో పొద్దున మంచు ఎక్కువ. ఆరబెట్టుకోవడానికి జాగ లేని రైతు, అప్పు తీర్చే తొందర ఉన్న రైతు ఎదురుచూడలేడు. ఊళ్లోకి వచ్చిన వ్యాపారికి తక్కువకు అమ్మేస్తాడు. అంటే ధర ఉంది, దాన్ని అందుకునే దారి లేదు.

మూడో పేరా: చట్టం వద్దనే వాళ్ల మాటలోనూ నిజం ఉంది. కేంద్రం 22 పంటలకు మద్దతు ధర ప్రకటిస్తుంది. అన్నిటినీ తప్పనిసరి చేస్తే, ఆ ధర గిట్టని ప్రైవేటు వ్యాపారి కొనడమే మానేయొచ్చు. అప్పుడు మొత్తం ప్రభుత్వమే కొనాలి, ఆ ఖర్చు మిగతా పనుల మీద పడుతుంది.

నాలుగో పేరా: అందుకని ముందు కొనుగోలు పద్ధతి బాగుపడాలి. ఊరికి దగ్గర్లో ఆరబెట్టే కల్లాలు, పత్తి ఇంటి నుంచి బయలుదేరక ముందే తేమ చూసే వీలు, త్వరగా డబ్బు. స్లాట్ బుకింగ్ కోసం కపాస్ కిసాన్ యాప్ వచ్చింది, మంచిదే, కానీ స్మార్ట్‌ఫోన్ లేని రైతుకు ఊళ్లోనే ఎవరైనా బుక్ చేసిపెట్టాలి. ఇవి జరిగిన చోట చట్టం రైతుకు నిజంగా పనికొస్తుంది.

అంతే. ఇందులో కొటేషన్ లేదు, వెన్నెముక లేదు. పెద్ద పదం ఒక్కటి కూడా లేదు. మా బాపుకు చదివి వినిపిస్తే, "ఇది నేను రోజూ చెప్పేదే కదరా" అంటడు. అవును బాపూ, నువ్వు చెప్పిందే. నేను వరుసలో పెట్టిన, అంతే.

ఒక మాట గట్టిగా చెప్పాలె. మన ఊరి సంగతి రాయమంటే, మన కష్టాలు ఏకరువు పెట్టమని కాదు. "మాది పేద కుటుంబం, కరెంటు లేదు, చెప్పులు లేకుండ బడికి పోయిన" అని ఎస్సే నింపకండి. అది నిజమే కావచ్చు. కానీ టాపిక్ మద్దతు ధర అయితే, చదివేవాడికి మద్దతు ధర గురించి మీ ఆలోచన కావాలి. జాలి పుట్టిస్తే మార్కులు పడతాయనుకోవడం తప్పు. ఇంకోటి, రిజర్వేషన్‌లో కాల్ వచ్చింది కాబట్టి మనం తక్కువ అనే ఫీలింగ్ కొందరికి లోపల ఉంటుంది. నాకూ ఉండె. ఆ ఫీలింగ్ ఉన్నప్పుడే మనిషి ఎక్కువగా బట్టీ వాక్యాల వెనక దాక్కుంటడు. ఆ గదిలో పత్తి తేమ గురించి మీకంటే ఎక్కువ తెలిసినోళ్లు ఎంతమంది ఉంటరు? మీరే ఆలోచించండి.

ఇంకో టాపిక్ చూద్దాం, ఎందుకంటే ప్రతిసారీ పత్తి రాదు. "ప్రాథమిక చదువు మాతృభాషలోనే ఉండాలా?" ఇది తరచుగా అడిగే రకం ప్రశ్న. 2020 జాతీయ విద్యావిధానం, వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పాలని అంటుంది. చాలామంది ఇంతవరకే రాసి ఆగిపోతరు.

మన జైనూర్ మండలంలోనే మార్లవాయి ఉంది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఆ ఊళ్లో ఉండి గోండుల జీవితాన్ని అధ్యయనం చేశారు. 1943లో, నిజాం కాలంలో, గోండు యువకులకే టీచర్ ట్రైనింగ్ ఇచ్చే కేంద్రం అక్కడ మొదలైంది. పిల్లలకు గోండిలో వాచకాలు తయారుచేశారు, దేవనాగరి లిపిలో. 1987లో చనిపోయిన బెట్టీ సమాధి ఇప్పటికీ మార్లవాయిలోనే ఉంది. మనం అటు పోయినప్పుడు చూస్తం, దండం పెట్టుకుంటం, వస్తం. కానీ ఎస్సేకు అది ఎంత బలమైన ఉదాహరణో ఎప్పుడైనా ఆలోచించినమా? మాతృభాషలో చదువు అనేది 2020లో పుట్టిన ఆలోచన కాదు, మా మండలంలో 1943లోనే చేసి చూశారు అని రాయొచ్చు.

అక్కడితో ఆగితే అది జనరల్ నాలెడ్జ్ అవుతది, వాదన కాదు. ఇంకో అడుగు వేయాలి. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, బజార్ల మరాఠీ, హిందీ, ఉద్యోగానికి ఇంగ్లిష్. ఒకటో తరగతి పిల్లకు టీచర్ మాట అర్థం కాకపోతే ఆ పిల్ల నోరు మూసుకుంటది, తర్వాత బడే మానేస్తది. ఇది మాతృభాష వైపు కారణం. కాదనేవాడు ఏమంటాడు? గోండి తెలిసిన టీచర్లు సరిపడా ఎక్కడున్నరు, పుస్తకాలు ఏ లిపిలో అచ్చు వేస్తరు అంటడు. లిపి సంగతికి కూడా మన దగ్గరే జవాబు ఉంది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, అంటే ఫోన్‌లో, కంప్యూటర్‌లో వాడుకోవడానికి దారి పడింది. టీచర్ల సంగతి మాత్రం నిజమైన కష్టమే, దాన్ని ఒప్పుకోవాలి. ఒప్పుకుని, మొదటి మూడేళ్లు గోండితో మొదలుపెట్టి మెల్లగా తెలుగు, ఇంగ్లిష్‌లోకి తీసుకుపోవాలి అని మీ మాట చెప్పొచ్చు. మీరు నాతో ఒప్పుకోకపోవచ్చు. మొదటి నుంచీ ఇంగ్లిషే కావాలి అని కూడా రాయొచ్చు. ఏ వైపు రాసినా, కారణం చూపించాలి.

ఇప్పుడు అహ్మదాబాద్ రకం ప్రశ్న. అక్కడ అభిప్రాయం కంటే తర్కం ముఖ్యం. ఉదాహరణకు ఇట్ల అడిగారనుకోండి, ఇది నేను కల్పించింది: "ఒక మండలంలో సెల్ టవర్ వచ్చిన ఏడాదే పదో తరగతి ఫలితాలు పెరిగాయి. కాబట్టి ఫలితాలు పెరగాలంటే అన్ని మండలాల్లో టవర్లు వేయాలి." దీంట్లో తప్పేముంది? ఫలితాలు టవర్ వల్లనే పెరిగాయని ఎట్ల తెలుసు? ఆ ఏడాదే కొత్త లెక్కల సార్ వచ్చిండేమో. టవర్ లేని పక్క మండలంలో కూడా పెరిగాయేమో. పిల్లల దగ్గర ఫోన్లు ఎన్ని ఉన్నయ్? ఒక్క ఏడాది చూసి చెప్తే సరిపోతదా? ఇవి అడగడమే ఆ ఎస్సే. మన పెద్దోళ్లు కల్లు కాడ, పటేల్ ఇంటి ముందట పంచాయితీల ఇట్లనే అడుగుతరు: "నువ్వు చూసినవా? ఇంకెవరైనా చూసిన్రా?" ఆ బుద్ధిని కాగితం మీద పెట్టాలి.

ఇక ఇంగ్లిష్. అసలు భయం ఇక్కడే ఉందని నాకు తెలుసు. మన ఇంగ్లిష్ ఎస్సేలో తప్పులు ఎక్కువగా ఎందుకొస్తయంటే, మనం తెలుగు వాక్యాన్ని అట్లనే దించుతం. తెలుగులో "పత్తి ఏరి, ఆరబెట్టి, బండికెత్తి, మార్కెట్‌కు తీసుకుపోయి అమ్మితే" అని ఒకే వాక్యంలో ఎంత దూరమైనా పోవచ్చు. మనకు అది అందంగానే ఉంటుంది. దాన్నే ఇంగ్లిష్‌లో రాస్తే యాండ్, యాండ్, యాండ్ అని తోక పెరుగుతది, మధ్యలో క్రియ ఎక్కడో తప్పిపోతది. అందుకే ఇంగ్లిష్‌లో ఒక పనికి ఒక వాక్యం. రైతు పత్తి ఏరుతాడు. చుక్క పెట్టండి. దాన్ని ఆరబెట్టాలి. చుక్క. అతనికి జాగ లేదు. చుక్క. పన్నెండు, పదిహేను పదాలు దాటితే ఆపేయండి. వాక్యాలను కలపడానికి బికాజ్, బట్, సో, ఫర్ ఎగ్జాంపుల్, ఈ నాలుగు చాలు. అర్థం పక్కాగా తెలియని పెద్ద పదం వాడొద్దు. చిన్న పదాలతో తప్పు లేకుండా రాసిన ఎస్సే, పెద్ద పదాలతో తడబడిన ఎస్సే కంటే ఎప్పుడైనా మేలు.

చివరి ఐదు నిమిషాల్లో ఏం చూసుకోవాలి? మొదటి పేరాలో నా మాట క్లియర్‌గా ఉందా? చివరి పేరా దానికి ఎదురు తిరగలేదు కదా? జరిగిపోయినవి పాస్ట్ టెన్స్‌లో ఉన్నయా? ఒకరైతే క్రియకు ఎస్ పెట్టిన్నా? అంకెలు నాకు ఖాయంగా తెలిసినవేనా? డౌట్ ఉన్న అంకెను కొట్టేయండి. తప్పు అంకె రాస్తే, ఇంటర్వ్యూలో అదే పట్టుకుని అడుగుతరు.

ఇక ప్రాక్టీస్. నేను రెండోసారి చేసింది చెప్తా. దీనికి కోచింగ్ ఫీజు అక్కర్లేదు. ఒక నోట్‌బుక్, ఒక ఫోన్ చాలు.

నోట్‌బుక్‌లో ముందుగా మీకు బాగా తెలిసిన పది విషయాలు రాయండి. నావి చెప్తా: పత్తి, అప్పు, ఆశ్రమ పాఠశాల, పోడు పట్టాలు, మహిళా సంఘాల లోన్లు, ఇప్పపువ్వు, సెల్ సిగ్నల్, కిరాణా కొట్టులో ఫోన్‌పే, ఆర్టీసీ బస్సు, జాతర. ఒక్కోదానికి ఒక పేజీ. ఆ పేజీలో అది ఎట్ల నడుస్తది, ఎవరికి లాభం, ఎవరికి నష్టం, దానికి సంబంధించిన చట్టం లేదా స్కీం ఏంటి, ఒకటి రెండు అంకెలు. పోడు అంటే 2006 అటవీ హక్కుల చట్టం రావాలి. ఇప్పపువ్వు అంటే ఉట్నూర్‌లో ఆడోళ్లు లడ్డూలు చేసి అమ్ముతున్నరు కదా, అడవిలో ఏరిన పువ్వుకు, ప్యాక్ చేసిన లడ్డూకు ధరలో తేడా ఎందుకొస్తదో పోయి అడగండి. బిజినెస్ స్కూల్‌లో వాల్యూ అడిషన్ అని చెప్పేది అదే. ఈ పది పేజీలు ఉంటే, ఏ టాపిక్ వచ్చినా ఏదో ఒక పేజీ అక్కరకొస్తది. డిజిటల్ ఇండియా వస్తే కిరాణా కొట్టు పేజీ. మహిళల సాధికారత వస్తే సంఘం పేజీ. పర్యావరణమా, అభివృద్ధా అంటే పోడు పేజీ.

తర్వాత 30 రోజులు. మొదటి పది రోజులు ఎస్సే రాయొద్దు. రోజుకో టాపిక్ తీసుకుని, ఐదు లైన్లు మాత్రమే. రెండో పది రోజులు, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, టైమర్ ఆన్ చేసి, రోజూ ఒకటి పూర్తిగా చేత్తో రాయండి. నోటిఫికేషన్ ఒక్కటి వచ్చినా ఆ అరగంట పోయినట్టే. మూడో పది రోజులు పాతవి తీసి మళ్లీ రాయండి. కొత్తవి రాయడం కంటే పాతవి దిద్దుకోవడంలోనే ఎక్కువ నేర్చుకుంటరు, ఇది నా అనుభవం.

ఇంకో చిన్న ఉపాయం. ఏం రాయాలో తోచకపోతే, ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి ఆ టాపిక్ మీద రెండు నిమిషాలు మీ ఇంటి భాషలో మాట్లాడండి. గోండి, లంబాడీ, మరాఠీ, ఉర్దూ, తెలుగు, ఏదైనా. దోస్తుకు చెప్పినట్టు చెప్పండి. తర్వాత విని, అందులో ఉన్న పాయింట్లు రాసుకోండి. ఇంగ్లిష్ భయం వల్ల ఆలోచనే ఆగిపోతది మనకు. ముందు ఆలోచనను బయటకు రానివ్వండి, ఇంగ్లిష్ తర్వాత వేద్దాం.

చదవడానికి రోజూ ఒక ఇంగ్లిష్ పేపర్ సంపాదకీయం, అదే విషయం మీద ఒక తెలుగు సంపాదకీయం. అంతే, రెండే. దాంతోపాటు తెలుగు పేపర్ జిల్లా పేజీ వదలొద్దు. ఢిల్లీ వార్త అందరూ చదువుతరు. జిల్లా పేజీల ఉన్న సంగతి ఎస్సేలో మీరొక్కరే రాస్తరు. రాసింది చూపించడానికి ఎవరూ లేరంటరా? మీ డిగ్రీ కాలేజీ ఇంగ్లిష్ సార్‌నో మేడమ్‌నో వారానికి ఒకటి చూడమని అడగండి. గ్రామర్ తెలిసినోళ్లు దొరక్కపోతే, రాసింది తెలుగులో ఇంట్లో చెప్పండి. అర్థం కాలేదు అని అవ్వ అంటే, వాదన ఎక్కడో తెగింది అన్నట్టు.

రెండోసారి నాకు ఏం టాపిక్ వచ్చిందో చాలామంది అడుగుతరు. మద్దతు ధర రాలేదు. ఆన్‌లైన్ చదువు పేద పిల్లలకు మేలు చేస్తుందా అని వచ్చింది. నేను సిగ్నల్ పేజీ తీసిన. మా గూడెంలో గుట్ట ఎక్కితేనే సిగ్నల్, ఇంట్లో ఒకటే ఫోన్, అది బాపు చేతిలో ఉంటది, ముగ్గురు పిల్లలు. నెట్ ఉండుడు వేరు, పిల్ల చేతికి అందుడు వేరు అని రాసిన. అదే ఆన్‌లైన్ వల్ల నేను కోచింగ్ లేకుండా లెక్కలు నేర్చుకున్నా అని ఎదుటి వైపు కూడా రాసిన, అదీ నిజమే కాబట్టి. పేజీన్నర దాటలేదు. ఇంటర్వ్యూలో ఆ ఎస్సే మీదనే పది నిమిషాలు అడిగిన్రు. ఈసారి నేను చెప్పే మాట, నా పేపర్ మీద ఉన్న మాట ఒకటే. సీటు వచ్చింది.

చెల్లే, నువ్వు ఫోన్‌ల "నా దగ్గర రాసేంత ఏముంది" అన్నవ్ కదా. ఇవాళ రాత్రి నోట్‌బుక్ తీసి, పది విషయాల పేర్లు రాయి. పది నిండకపోతే నాకు మళ్లీ ఫోన్ చెయ్యి, కూర్చుని నింపుదాం.

మిగతావాళ్లు కూడా మొదటి ఐదు లైన్లు రాసి, ఫోటో తీసి పంపండి. టాపిక్ ఇదే: "కిరాణా కొట్లకు ఆన్‌లైన్ షాపింగ్ వల్ల నష్టమా, లాభమా?" జైనూర్ బజార్ల ఒక కొట్టు కాడ పది నిమిషాలు నిలబడి, సేట్‌ను అడిగి రాయండి. గూగుల్‌ను అడిగి కాదు. వచ్చే ఎపిసోడ్‌లో వాటిలో కొన్ని తీసుకుని ఇక్కడే దిద్దుదాం.

ఈ మాటలు పనికొస్తయ్ అనిపిస్తే, క్యాట్ రాసే మీ దోస్తుకు పంపండి. వాన తగ్గింది, చేనుకు పోయి రావాలె. ఉంటా మరి. రామ్ రామ్.